స్ట్రిప్‌లో లేదు, ఎలైజాలో ఉంది: చేపల చెరువులో యాంటీబయోటిక్ టెస్టు ఎలా అర్థం చేసుకోవాలి

ఆకివీడు వైపు నుంచి అడిగిన రైతుగారికి. మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కల్లో చెబుతాను. పన్నెండెకరాల చెరువు. శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ. చేప కిలోంబావు దాటింది. సంక్రాంతికి కొంచెం ముందు ఎర్రమచ్చలు కనిపిస్తే, షాపువాళ్ళ సలహాతో తవుడులో ఓటీసీ, అంటే ఆక్సీటెట్రాసైక్లిన్, కలిపి ఐదు రోజులు పెట్టారు. అది ఆపి ఇరవై రెండు రోజులైంది. హైదరాబాద్‌లో ప్యాకెట్ల చేప అమ్మే కొనుగోలుదారు యాంటీబయోటిక్ రిపోర్టు అడిగాడు. ఊళ్ళో స్ట్రిప్ టెస్టు చేయిస్తే ‘లేదు’ అని వచ్చింది. అతను పంపిన ల్యాబులో ఎలైజా అనే రంగు పరీక్ష చేస్తే ‘క్లోరాంఫెనికాల్ 0.4 పీపీబీ’ అని వచ్చింది. ‘ఆ మందు పేరే నేను వినలేదండీ, ఏ రిపోర్టు నమ్మాలి, వచ్చే వారం చేపల పట్టుబడి ఆపాలా?’ అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు. అవి రెండు వేర్వేరు మందుల గురించి మాట్లాడుతున్నాయి. మీరు పెట్టిన ఫోటోలో స్ట్రిప్ డబ్బా మీద పేరు చూడండి, అది టెట్రాసైక్లిన్ల స్ట్రిప్. దానికి క్లోరాంఫెనికాల్ కనిపించదు, చెంబుడు పోసినా కనిపించదు. రెండో ల్యాబు క్లోరాంఫెనికాల్ ఒక్కటే చూసింది. మీరు నిజంగా వాడిన ఓటీసీ ఎంత మిగిలిందో అంకె వేసి చెప్పిన కాగితం ఇప్పటికి మీ చేతిలో ఒక్కటీ లేదు.

కాబట్టి వచ్చే వారం పట్టుబడి ఆపండి. కొనుగోలుదారు మనిషిని పక్కన పెట్టుకుని మళ్ళీ సాంపిల్ తీయించండి. అందులో క్లోరాంఫెనికాల్, ఓటీసీ రెండూ ఎల్‌సీ-ఎంఎస్ అనే నిర్ధారణ మిషన్ మీద చూడమనండి. ఆ రిపోర్టు వచ్చేదాకా ఏ మందూ, ఏ టానిక్కూ, ఏ ‘గట్ ప్రోబయోటిక్’ పొట్లమూ చెరువులో వేయకండి. పొట్లాల మాట ఎందుకంటున్నానో కింద చెబుతాను.

నా సంగతి ఒక్క ముక్క. భీమవరంలో ల్యాబు బల్ల దగ్గర పదకొండేళ్ళు చేశాను, తర్వాత ఏడేళ్ళుగా గట్ల మీదే తిరుగుతున్నాను. ల్యాబులో ఉన్నప్పుడు రైతులు అబద్ధం చెబుతున్నారనుకునేవాణ్ణి. గట్టు మీదికొచ్చాక తెలిసింది, చాలామందికి తాము ఏం వేశారో నిజంగానే తెలియదు.

అసలు 0.4 పీపీబీ అంటే ఎంత?

పీపీబీ అంటే కిలో మాంసంలో ఒక మైక్రోగ్రాము. మీ చెరువులో యాభై టన్నుల చేప ఉందనుకుందాం. మొత్తం చేపలో 0.4 చొప్పున ఉంటే లెక్క 20 మిల్లీగ్రాములు తేలుతుంది. సుమారుగా ఒక బియ్యపు గింజ బరువు. అయిదు లారీల చేపలో ఒక్క గింజ. ‘అంతేనా, దీనికింత టెన్షనా’ అని మీకు అనిపించడం సహజం.

కానీ క్లోరాంఫెనికాల్ విషయంలో ఇంతవరకు ఫరవాలేదు అనే గీత లేదు. మనుషుల్లో చాలా అరుదుగానైనా ఎముక మూలుగను దెబ్బతీసి రక్తం తయారవకుండా చేస్తుంది, అది ఏ మోతాదులో మొదలవుతుందో తేల్చడానికి వీల్లేదు. అందుకే మన ఆహార భద్రతా నిబంధనల్లో ఇది చేపలు, రొయ్యల్లో పూర్తిగా నిషేధం. నైట్రోఫ్యూరాన్లు అనే ఇంకో మందుల కుటుంబం కూడా అంతే. ఓటీసీ సంగతి వేరు. దానికి పరిమితి ఉంది: కిలోకి 0.1 మిల్లీగ్రాము, అంటే 100 పీపీబీ. ఓటీసీ 40 పీపీబీ వస్తే మీరు పాసయినట్టే. క్లోరాంఫెనికాల్ 0.4 వస్తే ఫెయిలయినట్టే. రిపోర్టు చేతికి రాగానే అంకె కన్నా ముందు ఏ మందు పేరు ఉందో చూడాలి. అంకె చిన్నదా పెద్దదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ గొడవంతా రొయ్య రైతులకు అలవాటే. 2002 నుంచి ఎగుమతి రొయ్యకు ఈ నిషేధాల జాబితా ఉంది. యూరప్‌వాళ్ళు 2016లో మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో తనిఖీ చేసే వాటా పది శాతం నుంచి యాభైకి పెంచారు. క్లోరాంఫెనికాల్‌కి వాళ్ళు సరుకు ఆపే గీత (ఇంతవరకు ఫరవాలేదనే గీత కాదు) మొదట్లో 0.3 పీపీబీ ఉండేది, 2022 నవంబరు నుంచి 0.15కి దించారు. చేపకి ఇన్నాళ్ళూ ఈ తనిఖీలేవీ లేవు. థర్మోకోల్ పెట్టెలో ఐస్ కొట్టి హౌరాకో గౌహతికో లారీ ఎక్కిస్తే అయిపోయేది. 2018 జూలైలో అస్సాం ఫార్మాలిన్ పేరుతో మన చేపను పది రోజులు ఆపేసినప్పుడు తొలిసారి చాలామంది ఉలిక్కిపడ్డారు. ఫార్మాలిన్ చేప చెడిపోకుండా వేసే రసాయనం, యాంటీబయోటిక్ కాదు, ఆ టెస్టు వేరు, ఈ టెస్టు వేరు. మీ కొనుగోలుదారు రెండూ కలిపి ‘కెమికల్ రిపోర్టు’ అని అడిగితే విడివిడిగా ఏం కావాలో రాయించుకోండి.

స్ట్రిప్, ఎలైజా, ఎల్‌సీ-ఎంఎస్: మూడింటికీ తేడా

స్ట్రిప్ అంటే ప్రెగ్నెన్సీ టెస్టు పట్టీ లాంటిదే. మాంసం నలిపి తీసిన రసం చుక్కలు వేస్తే గీత వస్తుంది. ఒక పట్టీ ఒక మందునో, ఒక కుటుంబాన్నో మాత్రమే అడుగుతుంది. పైగా పాలకోసం తయారుచేసిన పట్టీలను చేపకు వాడేస్తుంటారు. పాలల్లో పనిచేసినట్టు చేప మాంసంలో పనిచేయాలని లేదు. డబ్బాలో ఉండే కాగితంలో ‘చేప’ అని రాసి ఉందో లేదో, ఎంత పీపీబీ దాటితే పడుతుందో చూడండి. గట్టు మీద తొందరగా ఓ అంచనాకి రావడానికి పట్టీ మంచిదే. దాని మీద బేరం మాత్రం పెట్టుకోకండి.

ఎలైజా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మీ గొడవంతా దానితోనే కదా. చేప మాంసం రెండు మూడు గ్రాములు మెత్తగా నలిపి, ద్రావకంలో వేసి ఊపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేలినది తీసి నైట్రోజన్ గాలి కింద ఆరబెడతారు. ట్యూబు అడుగున మిగిలిన ఆ పలచటి పొరను కరిగించి తొంభై ఆరు గుంటల ప్లేటులో పోస్తారు. చివర్లో రంగు మందు వేస్తే గుంటలు నీలంగా తిరుగుతాయి. ఆపే ద్రావణం వేయగానే నీలం కాస్తా పసుపవుతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడే తికమకపడేవారు. ఇందులో లెక్క తిరగేసి ఉంటుంది: పసుపు ముదురుగా ఉంటే మందు లేనట్టు, వెలిసిపోయి ఉంటే ఉన్నట్టు. మందు ఉంటే అది రంగు తెచ్చే పదార్థం కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది, అందుకని రంగు తగ్గుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. రంగు తగ్గడానికి మందు ఒక్కటే కారణం కానక్కర్లేదు. బొచ్చె పొట్ట దగ్గర మాంసంలో కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు సరిగ్గా తీయకపోతే రంగు తగ్గుతుంది. గుంట కడగడంలో తేడా వచ్చినా అంకె మారుతుంది. ఆ మందుకి చుట్టం లాంటి ఇంకో పదార్థం ఉన్నా కిట్ పొరబడుతుంది. అందుకే ఎలైజా పాజిటివ్‌ను మేం ల్యాబులో ఎప్పుడూ ‘అనుమానం’ అనే రాసేవాళ్ళం, ‘నిర్ధారణ’ అని రాసేవాళ్ళం కాదు. దూరాన గట్టు మీద నడిచొచ్చేవాడి నడక చూసి ‘ఫలానావాడు’ అనుకోవడం ఎలైజా. దగ్గరికెళ్ళి మొహం చూడటం ఎల్‌సీ-ఎంఎస్. ఆ మిషన్ అణువును తూస్తుంది, తర్వాత దాన్ని విరగ్గొట్టి ముక్కలనూ తూస్తుంది. క్లోరాంఫెనికాల్ అయితే 321 దగ్గర కనిపించి, విరిగాక 152 దగ్గర ముక్క కనిపించాలి, ఇంకో ముక్క కూడా సరిపోవాలి. ఇవన్నీ కుదిరితేనే ‘ఉంది’ అంటారు. ఖర్చు ఎలైజాకి కొన్ని రెట్లు ఉంటుంది, కానీ యాభై టన్నుల సరుకు ముందు అది ఓ లెక్కలోది కాదు.

తిరగేసి కూడా వినండి. ఎలైజా ‘అనుమానం’ కదా అని కొట్టిపారేయకండి. నా అనుభవంలో 0.4 లాంటి చిన్న అంకెలు మిషన్ మీదికి వెళ్ళాక కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని నిలబడ్డాయి. మూడు నాలుగు పీపీబీ దాటినవి ఎగిరిపోవడం నేను చూడలేదు.

వినని మందు మీ చేపలోకి ఎలా వచ్చింది?

ఇక్కడ నేను చూసిన కేసులు చెబుతాను, మీదానికి ఏది దగ్గరగా ఉందో మీరే చూసుకోండి.

మొదటిది మొగల్తూరు వైపు ఒక రొయ్యల చెరువు. క్లోరాంఫెనికాల్ 0.5 వచ్చింది. రైతు ప్రమాణం చేస్తున్నాడు. మేత, మందులు, నీళ్ళు, అన్నీ వెతికాం, ఏమీ దొరకలేదు. రెండోసారి సాంపిల్‌కి నేనే వెళ్ళాను. రొయ్యల తలలు వలిచి కవర్లో వేసే కుర్రాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ‘ఏంట్రా’ అంటే ‘కండ్లకలక సార్, ఆయింట్‌మెంట్ పెడుతున్నా’ అన్నాడు. జేబులోంచి తీసి చూపించాడు, ఒక శాతం క్లోరాంఫెనికాల్. కన్ను నలుపుకున్న చేత్తోనే వలుస్తున్నాడు. లెక్క వేసి చూడండి: రెండొందల గ్రాముల సాంపిల్‌లో 0.4 పీపీబీ రావడానికి కావలసిన మందు 0.08 మైక్రోగ్రాము. అంటే ఆ ఆయింట్‌మెంట్ ఎనిమిది మైక్రోగ్రాములు అంటుకుంటే చాలు. వేలి ముద్రలో మిగిలే జిడ్డు దానికన్నా ఎక్కువ ఉంటుంది. వేరే మనిషి, గ్లవ్స్, కొత్త కత్తి పెట్టి తీసిన సాంపిల్‌లో ఏమీ రాలేదు. మీ మొదటి సాంపిల్ ఎవరు కోశారో, వాళ్ళ చేతికి, కంటికి, చెవికి ఏం రాసుకున్నారో ఇవాళే అడగండి. చుక్కల మందైనా సరే, ఆయింట్‌మెంట్ అయినా సరే.

రెండోది నరసాపురం వైపు. అది ఇంత సరదాగా తేలలేదు. రైతు ‘నేను యాంటీబయోటిక్ వాడనండీ, ప్రోబయోటిక్కే’ అంటాడు. షెడ్డులో చూస్తే తెల్ల సంచుల మధ్య ఒక వెండి రంగు పొట్లం. పేరు పెద్ద అక్షరాల్లో, కింద కంపెనీ చిరునామా లేదు, బ్యాచ్ నంబరు లేదు, లోపల ఏముందో రాసి లేదు. చించితే నిమ్మపండు పసుపు పొడి. మేతలో కలిపే మనిషి గోళ్ళ చివర్లు పచ్చగా మరకలు పడి ఉన్నాయి, కడిగినా పోలేదు. మంచి బ్యాక్టీరియా పొడి అలా ఉండదు. పొట్లాన్నే టెస్టుకి పంపాం. ఫ్యూరజోలిడోన్. నైట్రోఫ్యూరాన్ కుటుంబం, పూర్తి నిషేధం. ఆయన దాన్ని ఆపి నెలన్నర అయింది, అయినా రొయ్యలో దాని జాడ పట్టింది.

ఎందుకంటే నైట్రోఫ్యూరాన్ల తీరే వేరు. అసలు మందు ఒంట్లో గంటల్లోనే విరిగిపోతుంది, దాన్ని వెతికితే దొరకదు. దాని ముక్క మాత్రం మాంసంలోని ప్రొటీన్‌ను పట్టుకుని వారాల తరబడి వదలదు. ఫ్యూరజోలిడోన్ ముక్కను ఏఓజెడ్ అంటారు. ల్యాబులు వెతికేది దాన్నే. మాంసాన్ని పలుచటి యాసిడ్‌లో వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి ఆ పట్టు విడిపిస్తారు. అందుకే ఆ రిపోర్టు అదే రోజు ఇవ్వడం కుదరదు. ‘నైట్రోఫ్యూరాన్ రిపోర్టు గంటలో ఇచ్చేస్తాం’ అనే చోటు ఏదైనా ఉంటే అక్కడికి వెళ్ళకండి.

మీ ప్రశ్నలో ‘వేరే ఏమీ వేయలేదు, టానిక్ తప్ప’ అని ఒక ముక్క రాసి వదిలేశారు. ఆ ‘తప్ప’ దగ్గరే నాకు అనుమానం. ఆ టానిక్ డబ్బా ఖాళీ అయినా పారేయకండి. అడుగున నాలుగు గ్రాములున్నా చాలు, దాన్నే టెస్టుకి పంపవచ్చు. చేపలో వెతకడం కన్నా పొట్లంలో వెతకడం తేలిక, అందులో ఉంటే పీపీబీల్లో కాదు, శాతాల్లో ఉంటుంది.

నీళ్ళ దారి, కోళ్ళ ఎరువు దారి కూడా ఉన్నాయి. వేసవిలో కాలువలు కట్టేశాక డ్రెయిన్ నీళ్ళే తోడుకుంటాం. యనమదుర్రులోనో ఉప్పుటేరు పక్క బోదెలోనో పైవాడు వదిలినది కిందివాడి చెరువులోకి వస్తుంది. కోళ్ళఫారం ఎరువులోనూ మందులు వస్తాయి. కానీ క్లోరాంఫెనికాల్ అంత నీళ్ళలో కలిసి మీ చేప మాంసంలో 0.4 నిలవడం నాకు అంతగా నమ్మబుద్ధి కాదు. దాన్ని చివర చూడండి.

ఓటీసీ ఇరవై రెండు రోజులు సరిపోతాయా?

చాలావరకు సరిపోవాలి, కానీ చలికాలం కాబట్టి గట్టిగా చెప్పను. చేప చల్లటి రక్తం జీవి, నీళ్ళు చల్లగా ఉంటే మందు నెమ్మదిగా పోతుంది. యూరప్‌లో చేపకు చాలాకాలంగా వాడిన లెక్క ఒకటుంది, 500 డిగ్రీ-రోజులు. రోజూ సగటు నీటి వేడిని కూడుకుంటూ పోతే 500 దాటాలి. ఏప్రిల్‌లో నీళ్ళు 30 డిగ్రీలుంటే పదిహేడు రోజులు. జనవరిలో మన దగ్గర తెల్లవారుజాము, మధ్యాహ్నం కలిపి సగటు 23 పడితే దాదాపు ఇరవై రెండు రోజులు. మీరు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. షాపులో చెప్పే ‘పది రోజులాగితే చాలు’ అనే మాటకు ఏ ఆధారమూ నేను చూడలేదు.

ఇంకో సంగతి. ఓటీసీకి కాల్షియం అంటే ఇష్టం. ఎముకకు, పొలుసుకు పట్టుకుంటుంది. అందుకే సాంపిల్ ఎముక గీసి తీస్తే అంకె ఎగురుతుంది. పొలుసు తీసేసి, చర్మంతో ఉన్న మాంసం, ఎముక లేకుండా ఇవ్వాలి.

చిల్లుల సంచిలో తవుడుతో మందు పెట్టడం గురించి కూడా చెప్పాలి, నాకు ఇది కాస్త మంట. జబ్బుపడ్డ చేప సంచి దగ్గరికి రాదు. వచ్చి ఎగబడి తినేది బాగున్న చేప. తవుడు తడిసి మందులో సగం నీళ్ళలోకి కారిపోతుంది. తిన్నదాంట్లోనూ చాలాభాగం పేగులోంచి అలాగే బయటికొచ్చి బురదలో చేరుతుంది, అక్కడ నెలల తరబడి ఉంటుంది. మందు అవసరమైన చేపకి అందదు, అవసరం లేని చేపకి రెసిడ్యూ మిగులుతుంది. ఒకే చెరువులో ఒక చేపకి 20 పీపీబీ, పక్కదానికి 150 రావడం నేను చూశాను. పైగా చలికాలం ఎర్రమచ్చల్లో చాలావాటికి మొదలు చేప ఒంటికి పట్టే పేను. పేను కుట్టిన చోట పుండై, ఆ పుండులో బ్యాక్టీరియా చేరుతుంది. రెక్క కింద లేపి చూస్తే పేను కంటికే కనబడుతుంది. పేను ఉంచేసి ఓటీసీ పెడితే మచ్చ మళ్ళీ వస్తుంది. రొయ్యలో తెల్లమచ్చకు ఓటీసీ పెట్టేవాళ్ళకైతే ఏం చెప్పాలో తెలియదు, అది వైరస్ అండీ బాబూ.

సాంపిల్ ఎలా తీయాలి

ఈ భాగం మాత్రం జాగ్రత్తగా చదవండి, టెస్టులో సగం ఇక్కడే ఉంది.

ఒక మూల విసురు వల వేసి దొరికిన రెండు చేపలు ఇచ్చేస్తే అది మీ చెరువు రిపోర్టు కాదు, ఆ రెండు చేపల రిపోర్టు. ఇందాక చెప్పానుగా, ఒక్కో చేపకి ఒక్కో అంకె. నాలుగు మూలలా, సంచుల వరసలో, తూము దగ్గర వేసి కనీసం పది చేపలు తీయండి. శీలావతి వేరుగా, బొచ్చె వేరుగా. మేత కలిపే బేసిన్‌లో చేపలు వేయకండి. మందు కలిపింది అందులోనే. కొత్త గ్లవ్స్, మరగబెట్టిన నీళ్ళతో కడిగిన కత్తి. ప్రతి చేప నుంచీ తల వెనక, వెన్ను వైపు ఒకే పరిమాణం ముక్క తీసి, అన్నీ కలిపి మూడు భాగాలు చేయండి. ఒకటి ల్యాబుకి, ఒకటి కొనుగోలుదారుకి, ఒకటి మీ దగ్గర డీప్ ఫ్రిజ్‌లో. మూడింటి మీదా చెరువు, తేదీ, టైము, నీటి వేడి, చివరి మందు తేదీ రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి సీలు వేయండి. ఐస్‌లో పెట్టి అదే రోజు చేర్చండి. కుళ్ళిన సాంపిల్ మీద ఏ అంకె వచ్చినా రేపు ఎవరో ఒకరు ఒప్పుకోరు.

ఆ మూడో కవరు సంగతి తేలిగ్గా తీసుకోకండి. మూడేళ్ళ క్రితం ఉండి దగ్గర ఒక రైతు సరుకు హైదరాబాద్ వెళ్ళాక ‘ఫెయిల్’ అన్నారు, డబ్బు ఆపేశారు. ఆయన ఫ్రిజ్‌లో సీలు కవరు ఉంది. మేం దాన్ని పంపితే క్లీన్ వచ్చింది. తర్వాత తేలిందేమంటే లారీలో ఇంకో చెరువు చేప కలిసింది. కవరు లేకపోతే ఆయనకి మాట్లాడటానికి నోరుండేది కాదు.

ల్యాబు ఎలా ఎంచుకోవాలి

భీమవరంలో ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, క్వాలిటీ కంట్రోల్ ల్యాబు ఉంది, ప్రధానంగా ఎగుమతి సరుకు కోసం. మీ దేశవాళీ సరుకు తీసుకుంటారేమో వెళ్ళి అడగండి. ప్రైవేటు ల్యాబు అయితే గోడ మీద ఎన్‌ఏబీఎల్ బోర్డు చూసి ఆగిపోకండి. ఆ గుర్తింపు ఒక్కో టెస్టుకి, ఒక్కో రకం సరుకుకి విడిగా ఇస్తారు. నీళ్ళ టెస్టుకి గుర్తింపు ఉన్న ల్యాబుకి చేపలో క్లోరాంఫెనికాల్‌కి ఉండాలని లేదు. ‘మీ స్కోపు కాగితం చూపించండి’ అనండి. అందులో చేప, మందు పేరు, పద్ధతి మూడూ ఒకే వరసలో ఉండాలి.

రిపోర్టులో ‘ఎన్‌డీ’ అని వస్తే సంబరపడేముందు పక్కన గడి చూడండి, ఎంత తక్కువ వరకు పట్టగలరో అక్కడ ఉంటుంది. ఎన్‌డీ అంటే ‘చేపలో లేదు’ అని కాదు. ‘మేం వెతికిన మందుల్లో, మా మిషన్ చూడగలిగినంతలో కనబడలేదు’ అని. పట్టగల పరిమితి 1 పీపీబీ ఉన్న ల్యాబు మీ 0.4ని ఎన్నటికీ చూడదు, నిజాయితీగా ఎన్‌డీ అని ఇస్తుంది. అలాంటి ల్యాబు కోసం వెతుక్కుంటూ తిరిగినవాళ్ళూ నాకు తెలుసు. ఆ కాగితం కొనుగోలుదారు గేటు దగ్గర నిలబడదు.

నిర్ధారణలో కూడా ‘ఉంది’ అని వస్తే?

రెండు రోజులు మేత ఆపి పస్తు పెడితే పోదు. నీళ్ళు మార్చితే పోదు. ఐస్‌లో ఉంచితే, వండితే కూడా పూర్తిగా పోదు. ఇవన్నీ గట్ల మీద తిరిగే మాటలు. చేప ఒంట్లోంచి దానంతట అదే పోవాలి. అందుకు టైము, మేత, తిరుగుతున్న ఏరియేటర్ కావాలి. ముందు ఎక్కడి నుంచి వచ్చిందో ఆపండి. మూడు వారాలాగి మళ్ళీ అదే పద్ధతిలో సాంపిల్ తీయండి. కొనుగోలుదారుకి దాచకుండా చెప్పండి. ‘ఈలోగా లోకల్ మార్కెట్టుకి పంపేద్దాం’ అని మీ ఏజెంటు అంటాడు, అంటాడని నాకు తెలుసు. నిషేధం లోకల్ మార్కెట్టుకీ ఉంది, ఆకివీడు సంతలో ఆ చేప కొనేది మీ చుట్టాలే.

మూడు వారాల మేత ఖర్చు, లీజు గడువు, ధర పడుతుందేమోనన్న భయం, ఇవన్నీ ఉన్నాయి, కాదనను. కిలోంబావు శీలావతి ఆ మూడు వారాల్లో కొంత బరువు పెరుగుతుంది, అది కొంత పూడుస్తుంది, మొత్తం పూడ్చదు.

నా అంచనా అడిగితే, మీది సాంపిల్ దగ్గర అంటుకున్నది కావడానికో, టానిక్ డబ్బాలోంచి వచ్చింది కావడానికో ఎక్కువ అవకాశం. రెండింటిలో ఏది అన్నది రెండో సాంపిల్ చెబుతుంది. ఈలోగా మీరు చేయగలిగిన పని ఒకటుంది: గత మూడు నెలల్లో చెరువులోకి వెళ్ళిన ప్రతి సంచి, డబ్బా, పొట్లం ఫోటో ముందూ వెనకా తీసి, ఏ తేదీన ఎంత వేశారో పక్కన రాసి కింద పెట్టండి. షాపు బిల్లు ఉంటే అదీ. డబ్బా మీద అక్షరాలు కనబడేలా పగటి వెలుతురులో తీయండి, మొన్నటి ఫోటోలో మీ వేలు సగం పేరు కప్పేసింది.